ప్రశ్నార్థకములుగా మారిన ఉత్తరము

మా తాతగారు మగ్గము పని వెదకికొనుచు షోలాపురము చేరిరి. నేను ఆ ఊరనే ఒక బట్టల కార్ఖానా ఆఫీసులో ఈమెయిలు సర్వరును చూచుకొనువాడను. పోస్టుమాస్టరు పనియే, సంచి మాత్రము లేదు.

2019లో ఒక సాయంకాలము, మా కార్ఖానాలోనే పనిచేయు వాడకట్టు పెద్దాయన యింటికి వచ్చి, "బిడ్డా, చెప్పకుండ పని ఎగ్గొట్టిన్నని పది దినాల కూలి కోసిండ్రు. సెలవు చీటి మా మనుమడు ఫోన్ల పంపిండు గద!" అనిరి.

మరునాడు సర్వరులోని రాకపోకల చిట్టా విప్పితిని. ఉత్తరము గుమాస్తాకు చేరినది. తేదీ, గంట, నిమిషము సహా ఉన్నది. లోపల మాత్రము అక్షరములకు మారుగా వరుసగా ప్రశ్నార్థకములే! తెలుగెరిగిన ఆ గుమాస్తా సైతము చెత్తయని త్రోసివేసినాడట.

వెదకగా తప్పు నాదే. బయటి ఉత్తరములన్నిటి పైభాగమున హెచ్చరిక యొకటి అంటించు ప్రోగ్రామును నేనే పెట్టితిని. అది ఉత్తరమును విప్పి, పడమటి భాషల లిపులకు మాత్రమే చాలు పాత సంకేతములో తిరిగి వ్రాయుచుండెను. యూనికోడులో తెలుగునకు 1991 నుండియు చోటున్నది; సెట్టింగు మార్చుట నేను మరచితిని. అక్షరములు గజిబిజియై కనబడినచో పెక్కుసారులు మరల రాబట్టవచ్చును; ప్రశ్నార్థకములుగా వ్రాయబడిన పిదప ఉపాయము లేదు. మేమందరము ఇంగ్లీషుననే వ్రాసికొనుటచే నెలల తరబడి ఎవరికిని ఈ లోపము తెలియలేదు. తల్లిభాషలో ఆఫీసుకు వ్రాసినవారు ఆయన యొక్కరే కాబోలు!

సెట్టింగును యూటీఎఫ్-8కు మార్చి, తెలుగున, మరాఠీన, కన్నడమున ఒక్కొక్క ఉత్తరము పంపి చూచితిని. మూడును చక్కగా వచ్చినవి. చిట్టా ప్రతిని, మనుమని ఫోనులోని మూలమును మేనేజరు ముందుంచి, జరిగినది ఒప్పుకొంటిని. కూలి తిరిగి వచ్చినది.

"ఇగ చేత్తోనే రాసి తెస్త బిడ్డా" అనిరి పెద్దాయన.