పాత చీరలో చుట్టిన సైలెన్సర్

తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ వీధి లైటు వేసి, బండి వెనక సీటు మీద తాళ్లతో బిగించిన మూట వైపు చూసింది. "ఏందిరా అది, నా నీలం చీర మాదిరుందే?" అంది. నీలం చీరే. పోయిన సంక్రాంతికి పాత గుడ్డల్లో పడేసింది. దాని మడతల మధ్య ఒక సైలెన్సర్ ఉంది. "గీతలు పడకూడదమ్మా, మెత్తటి గుడ్డ కావాలని తీసుకున్నా" అన్నాను. ఇంకేమీ అడక్కుండా, వేలాడుతున్న చీర కొసని లోపలికి దోపింది. చంటిబిడ్డ పొత్తిగుడ్డ సర్దినట్టే ఉంది ఆ సర్దడం.

నెల్లూరు నుంచి శ్రీపెరుంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టైకి రెండొందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉన్నది అక్కడే. 1990లో మొదలైన ట్రాక్, చుట్టుకొలత 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. ఆ రోజు ట్రాక్ డే. అంటే రేసు కాదు. డబ్బు కట్టి, సొంత బండి మీద, విడతల వారీగా ట్రాక్ మీద తిరగనిస్తారు.

నాది యమహా ఆర్3. 321 సీసీ, రెండు సిలిండర్లు, 42 హార్స్‌పవర్. బండి కొన్న నెలకే ఒక స్లిప్-ఆన్ ఎగ్జాస్ట్ తెప్పించుకున్నాను. స్లిప్-ఆన్ అంటే ఇంజన్ దగ్గరి బెండు పైపులు కంపెనీవే ఉంటాయి, చివరి డబ్బా ఒక్కటే మారుతుంది. తెప్పించడమైతే తెప్పించాను గానీ, ఏడు నెలలు అది మా ఇంటి అటక మీదే ఉండిపోయింది. మా వీధి మెకానిక్ అన్న దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, లోపలికి టార్చి వేసి చూసి, "సరుకు మంచిదే అబ్బయా. కానీ ఊళ్లో తిరగడానికైతే నేను బిగించను. మీ ఎదురింటి పెద్దాయనకి గుండె ఆపరేషనయి ఎన్నాళ్లయింది? దీనికి తగిన చోటు ఉంది, ఆడికి తీసకపో" అన్నాడు. చట్టం సంగతి ఆయన ఎత్తలేదు, నాకు తెలుసు గనక. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శబ్ద కాలుష్యానికి పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పరిచి రోడ్డురోలర్‌తో తొక్కించిన ఫొటోలు చూశాను. కానీ నన్ను ఆపింది రోడ్డురోలర్ కాదు. ఎదురింటి వరండాలో మధ్యాహ్నం పూట పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉండే ఆ పెద్దాయన.

బిగించనన్న అన్నే, బిగించడం మాత్రం నేర్పాడు. ఒక ఆదివారం షెడ్డులో కంపెనీ సైలెన్సర్ విప్పించి, మళ్లీ ఎక్కించి, మళ్లీ విప్పించాడు. పక్క కిరాణా కొట్టు కాటా మీద రెండూ పెట్టి చూశాం. కంపెనీది నాలుగు కిలోలకు కాస్త తక్కువ, కొత్తది రెండు కిలోలు కూడా లేదు. "బొక్క పెద్దదైతే బండి పరిగెత్తుద్దని కుర్రోళ్లు అనుకుంటారు. ఇది సన్నాయి మాదిరి అబ్బయా, కొలత తప్పితే పలకదు" అన్నాడు. ఆ మాట నిజం. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే పొగతో పాటు ఒక ఒత్తిడి అల పైపులో పరిగెడుతుంది. పైపు వెడల్పయ్యే చోట అది తిరగబడి, ఈసారి పీల్చే అలగా వెనక్కొస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉన్న ఆ క్షణానికి అది అందితే, కాలిన పొగని బయటికి లాగి, కొత్త గాలిని లోపలికి రప్పిస్తుంది. ఎంత వేగం దగ్గర ఆ లెక్క కుదురుతుందో పైపు పొడవు చెబుతుంది. బెండు పైపులు మార్చని నా స్లిప్-ఆన్‌తో హార్స్‌పవర్ పెద్దగా పెరగదని నాకు ఆ షెడ్డులోనే అర్థమైంది. ఐనా కావాలనిపించింది. అందరూ నవ్వే మాట చెబుతున్నానేమో గానీ, ఈ ఇంజన్ తన సొంత గొంతుతో ఎలా పలుకుతుందో ఒక్కసారి వినాలని ఉండేది.

పదహారో నంబరు జాతీయ రహదారి ఆ వేళకి ఖాళీగా ఉంది. నాయుడుపేట దాటాక మంచు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల చెరువు బోర్డు కనబడగానే చెయ్యి దానంతటదే ఏక్సిలరేటర్ తగ్గించింది. జనవరి నెల, ఆ చెరువు చెట్ల మీద గూడకొంగలు పిల్లల్ని సాకే కాలం. కంపెనీ సైలెన్సర్ మెత్తగా గురగురమంటోంది. సూళ్లూరుపేటలో టీ తాగుతుంటే తూర్పు తెల్లబడింది, పులికాట్ వైపు. టీ కొట్టాయన మూట చూసి "వీణా సార్?" అని అడిగాడు. "అట్లాంటిదే" అన్నాను, నిజంగానే అనిపించి.

తడ, గుమ్మిడిపూండి, ఆ తర్వాత షోలవరం. అక్కడ బండి పక్కకి తీసి రెండు నిమిషాలు ఆగాను. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పుట్టక ముందు మద్రాస్ రేసులన్నీ షోలవరంలోనే జరిగేవి, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద. మా నాన్న మద్రాసులో చదువుకునే రోజుల్లో రెండుసార్లు వచ్చాడట. ఎవరు గెలిచారో ఆయనకి గుర్తులేదు. ఆర్‌డీ350లు రన్‌వే ఆ కొస నుంచి వస్తుంటే ముందు పాదాలకు తెలిసేదట, ఆ తర్వాతే చెవులకి. అవి టూ-స్ట్రోక్ బండ్లు. వాటిలో మధ్యలో లావెక్కి చివర సన్నబడే పైపే సగం ఇంజన్. ఆ ఆకారం తప్పితే బండిలో ప్రాణమే ఉండదు. చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ నాన్న ఆ మోతని నోటితో చేసి వినిపించేవాడు. నా పిచ్చికి మూలం వెతికితే అక్కడే దొరుకుతుంది.

చెన్నై బైపాస్, మదురవాయల్, పూందమల్లి ఇవేవీ చెప్పుకునేంత దారి కాదు. లారీల మధ్య గంట.

ట్రాక్ దగ్గర అద్దాలు విప్పేసి, హెడ్‌లైటుకి టేపు అంటించి, మొదటి విడత కంపెనీ సైలెన్సర్‌తోనే తిరిగాను. తేడా తెలియాలంటే ముందు ఉన్నది తెలియాలి గదా. ఇరవై నిమిషాలు. తర్వాత బండిని స్టాండు మీద పెట్టి, సైలెన్సర్ చల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. పైపు వేడిగా ఉండగా బోల్టు తిప్పితే మర కొరుక్కుపోతుంది. అన్న ఈ మాట నాలుగుసార్లు చెప్పాడు.

చీర విప్పి నేల మీద పరిచాను. పానాలు, ఆలెన్‌కీలు దాని మీదే పెట్టుకున్నాను. ముందు క్లాంపు వదులు చేసి, తర్వాత ఫుట్‌రెస్టు దగ్గరి బోల్టు తీసి, సైలెన్సర్‌ని మెలితిప్పుతూ వెనక్కి లాగితే బయటికొచ్చింది. కొత్తదాని మెడని బెండు పైపు మీదికి ఎక్కించాను. ఏ బోల్టూ ఒక్కసారే బిగించకూడదు. అన్నీ వేళ్లతో పట్టించి, పైపు ఎక్కడా బలవంతంగా వంగకుండా తనంత తాను నిలబడ్డాక, అప్పుడు ఇంజన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటే బిగించుకుంటూ రావాలి. బలవంతంగా కూర్చోబెట్టిన పైపు వేడికి సాగినప్పుడు బ్రాకెట్‌ని చీల్చేస్తుంది. అంతా అయ్యాక స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో మెడ నుంచి కొస దాకా తుడిచాను. చేతి జిడ్డు ఉండిపోతే మొదటి వేడికే అది ఉక్కులోకి కాలిపోయి మచ్చగా నిలిచిపోతుంది. డీబీ కిల్లర్, అంటే శబ్దం తగ్గించే లోపలి గొట్టం, తియ్యలేదు.

స్టార్ట్ చేశాను. గొంతు బాగుంది. కానీ ఏక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ పటపటా పటాసులు పేలుతున్నాయి. చుట్టుపక్కల కుర్రాళ్లు బొటనవేలు చూపించారు, వాళ్లకి ఆ చప్పుడే నచ్చింది. నాకు కడుపులో తిప్పింది. అది బండి పాట కాదు, ఎక్కడో గాలి దూరుతోంది. బయటి గాలి పైపులోకి చొరబడితే కాలని పెట్రోలు అక్కడే అంటుకుంటుంది.

పక్క గుడారంలో ఒక రేసు బండికి పని చేస్తున్న మెకానిక్ కుర్రాడు లేచి వచ్చాడు. వచ్చీరాని నా తమిళం విని, "తెలుగే మాట్లాడండన్నా, మాది తిరుత్తణి" అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, అరచేతిని వేడి తగలనంత దూరంలో పెట్టి, జాయింటు చుట్టూ తిప్పాడు. "ఇక్కడ ఊదతా ఉంది. పాత ప్యాకింగే వేశారా?" అన్నాడు. అవును. షెడ్డులో రెండుసార్లు విప్పి ఎక్కించిన గ్రాఫైట్ ప్యాకింగ్. ఒకసారి నలిగితే మళ్లీ అంత బాగా పట్టదు. అది తెలిసీ కొత్తది తెచ్చుకోలేదు. అతను తన డబ్బాలోంచి ఒకటి తీసి కొలత చూశాడు, సరిపోయింది. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఈలోగా మా విడత పిలుస్తున్నారు. ఇంకా గోరువెచ్చగా ఉన్న మెడని అతను ఉత్త చేతులతో పట్టుకుని లోపలికి నెట్టాడు, నేను క్లాంపు బిగించాను. తుడిచే వ్యవధి లేదు.

ఈసారి పటాసుల్లేవు.

ఆర్3లో ఒక పిస్టన్ పైనుంటే రెండోది కింద ఉంటుంది. అందుకని పేలుళ్లు సమంగా రావు. ఒకటి పేలాక అర చుట్టుకే రెండోది, ఆ తర్వాత చుట్టున్నర ఖాళీ. నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ ఖాళీ వినిపిస్తుంది, కుంటి నడక మాదిరి. వేగం పెరిగేకొద్దీ పూడుకుంటూ వచ్చి, తొమ్మిది వేల ఆర్‌పీఎం దాటాక ఒకే తీగ మోగినట్టయింది. ఇన్నాళ్లు ఆ బండి నడిపి కూడా నేను వినని గొంతు అది. లాప్ టైములో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కానీ మూడో లాప్ నుంచి మీటరు చూడ్డం మానేశాను. చెవే చెబుతోంది ఎక్కడ గేరు మార్చాలో. కళ్లు మలుపు మీదే ఉండిపోయాయి. ఆ పొడవాటి స్ట్రెయిట్ చివర హెల్మెట్ లోపల నేను గట్టిగా ఏదో అరిచాను. ఏమన్నానో గుర్తులేదు.

సాయంత్రం ఐదింటికి మళ్లీ పానాలు తీశాను. పక్కనున్నాయన "అంత కష్టపడి పెట్టి మళ్లీ విప్పేస్తారా, అలాగే వెళ్లిపోవచ్చు కదా, రాత్రిపూట ఎవరాపుతారు?" అన్నాడు. నేలపట్టు గూళ్లు గుర్తొచ్చాయి, పడక్కుర్చీ గుర్తొచ్చింది. ఆయనకవన్నీ చెప్పలేదు. కంపెనీ సైలెన్సర్ ఎక్కించి, అద్దాలు బిగించి, టేపు పీకేసి, కొత్తదాన్ని చీరలో చుట్టుకున్నాను. తిరుత్తణి కుర్రాడికి చెప్పి వెళ్దామంటే అతని గుడారం అప్పటికే ఎత్తేశారు.

సూళ్లూరుపేట చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. చెంగాళమ్మ గుడి తలుపులు ఎప్పుడూ మూయరు, లోపలికి వెళ్లి దణ్ణం పెట్టుకున్నాను. మా వీధి మలుపు తిరిగేటప్పటికి పదిన్నర. ఎదురింట్లో దీపం ఆర్పేసి ఉంది.

నాన్న మేలుకునే ఉన్నాడు. వరండాలో చీర విప్పి, సైలెన్సర్‌ని లైటు కిందికి ఎత్తి పట్టుకున్నాడు. మెడ దగ్గర ఉక్కు గోధుమరంగు తిరిగి, జాయింటు అంచున నీలంగా మారింది. ఆ గోధుమరంగులో ఒక చోట బొటనవేలి ముద్ర, గీతలతో సహా, కాలి నిలిచిపోయింది. నాన్న దాని మీద గోరుతో గీకి చూశాడు. పోలేదు.

"నీదేనా?" అన్నాడు.

నా వేలు పక్కన పెట్టి చూశాను. "కాదు నాన్నా" అన్నాను.