సుద్దముక్క పట్టిన వేలు

వేసవి సెలవులిస్తే చాలు, మా ఓపీకి తల వేలాడేసిన వేళ్లు వరస కడతాయి. క్యాచ్ పట్టబోతే బంతి వేలికొసకు తగిలి, కొస ఒక్కసారిగా లోపలికి వంగుతుంది. దాన్ని నిలబెట్టే సన్నటి టెండన్ తెగుతుంది, లేదా చిన్న ఎముక పెచ్చును లాక్కుని ఊడుతుంది. నాలుగు రోజులకు నొప్పి తగ్గిపోతుంది. నా ఖర్మంతా అక్కడే ఉంది. నొప్పి లేని వేలికి వైద్యమేమిటంటారు జనం.

వైద్యం తేలికే. ఎక్స్‌రేలో పెద్ద ముక్కేమీ విరగకపోతే, చివరి కీలు నిటారుగా ఉండేలా చిన్న స్ప్లింటు. ఆరు నుంచి ఎనిమిది వారాలు, రాత్రీ పగలూ. మధ్యలో కొస ఒక్కసారి వాలినా లెక్క మళ్లీ మొదటికే. ఇదంతా బుద్ధిగా విని, తలూపి వెళతారు. తిరిగి బోడి వేలితో వస్తారు. "అన్నం కలుపుకోవడానికి అడ్డమొస్తోంది సార్." "మా మామయ్య నూనె రాసి లాగితే సరిపోద్దన్నాడు." లాగితే సరిపోయేదైతే ఆ మామయ్యకే నా కుర్చీ ఇచ్చేసేవాణ్ణి!

పిల్లలను తిట్టి పంపొచ్చు. ఆ మధ్య వచ్చింది ఫిజిక్స్ మాస్టారు. స్టాఫుకీ స్టూడెంట్లకీ మ్యాచట, కుడి చూపుడు వేలు వాలిపోయింది. స్ప్లింటు మూడో వారమే తీసేశారు. "సుద్దముక్క పట్టుకోవడం కుదరట్లేదు డాక్టరు గారూ." కోపం నమిలి మింగి, దెబ్బ ఎందుకు తగిలిందో చెప్పబోయాను. ఆయన ఊరుకుంటారా? నా ప్రిస్క్రిప్షన్ కాగితం తిరగేసి ఎడమచేత్తో లెక్క మొదలెట్టారు.

రోజూ ఆడే టెన్నిస్ బంతి 58 గ్రాములు. ఆ రోజు పట్టింది లెదర్ బాల్, 160 దాకా. వేగం అంతే అయినా, అంతే సమయంలో ఆపడానికి దాదాపు మూడింతల బలం కావాలి. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. చేతులు బిగబట్టి సెకనులో వందో వంతులో ఆపితే 400 న్యూటన్లు, సుమారు 40 కిలోల బరువు మీద పడ్డట్టు. బంతితోపాటు చేతులను వెనక్కి రానిచ్చి ఇరవయ్యో వంతు సెకను తీసుకుంటే 80 న్యూటన్లు, ఎనిమిది కిలోలే.

"బలం ఎక్కువైతే త్వరణం ఎక్కువ, ద్రవ్యరాశి ఎక్కువైతే తక్కువ. తొమ్మిదో తరగతికి ఏటా చెబుతాను," అన్నారు గర్వంగా. ఆ 400 కింద గీత గీస్తుంటే కుడిచెయ్యి కాగితాన్ని అదిమిపట్టింది, వాలిన వేలు మాత్రం దాని మీద ముడుచుకుని ఉంది.

"మరి చేతులెందుకు వెనక్కి లాగలేదు మాస్టారూ?"

"ఎదురుగా పిల్లలు అరుస్తుంటే ఏం గుర్తుంటుందండీ!"

రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ మనిషి, పిల్లలతో సమానంగా ఎండలో పరిగెత్తాడు. ఇంకేం తిడతాను? కొత్త స్ప్లింటు వేసి, బ్లాక్‌బోర్డు పని ఏ కుర్రాడికైనా అప్పగించమన్నాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఆదివారం అంపైరింగ్ చేయొచ్చా?"

"చేయండి. ఎన్ని ఔట్లైనా ఇవ్వండి. ఆ వేలు ఎటూ నిటారుగానే ఉంటుంది, స్ప్లింటు తీయకపోతే."