మా ఎండ రంగు

సెలవులకి వచ్చిన మావాడు కంప్యూటర్ ముందు కూచుని రంగులు సవరిస్తున్నాడు. 2004 నాటి ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ ఆటకి ‘రీషేడ్’ తగిలించాడట. కొత్తగా ఒక్క చెట్టూ మొలవదు. తయారైన బొమ్మమీద రంగూ వెలుగూ మారతాయి, అంతే. ఎవరో చేసిపెట్టిన ప్రీసెట్ నొక్కాడు. ఎడారి కాస్తా కోనసీమ అయి కూచుంది!

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురంలో పుట్టినవాడికి ఇంత పచ్చదనం ఎక్కడిదమ్మా!

“ఆ ఆకుపచ్చ తగ్గించరా. మిట్టమధ్యాహ్నం మన ఆకాశం నీలంగా ఉంటుందా? తెల్లగా పాలిపోవాలి. నేల ఎర్రగా... మరీ కుంకుమలా కాదు.”

విసుక్కుంటూనే ‘శాచురేషన్’ దించి, ‘ఎక్స్‌పోజర్’ పెంచాడు. (ఈ మాటలు నాకూ ఆ పూటే వచ్చాయి.)

కిందటేడు చేను అమ్మినప్పటినుంచీ ఆ ఊసే ఎత్తని మా అత్తగారు, మజ్జిగ గ్లాసుతో అటు వెళుతూ ఆగారు. కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“చెనక్కాయలు పెరికేసినారా అప్పుడే?” అన్నారు.