మెకానిక్ ముందు మోగని చప్పుడు

పొద్దున్నే రాచర్లలో బండి తీస్తే కింద నుంచి గలగల. గిద్దలూరు షెడ్డు చేరేసరికి మాయం!
నాది సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు. బుష్‌లు, షాకబ్జార్లు అన్నీ బాగానే ఉన్నాయి. స్కానర్ కూడా ఏమీ చూపించలేదు.

నిన్న ఆ షెడ్డులోని పెద్దాయన "రాత్రికి ఈడే వదిలెయ్ నాయనా, చల్లారినాక వింటా" అన్నాడు.

ఇవాళ తెల్లారే స్టార్ట్ చేయించి, కిందికి వంగి, కళ్లు మూసుకుని విన్నాడు.
చప్పుడు చేస్తున్నది సైలెన్సర్ గొట్టం వేడి పైకి తగలకుండా కాసే రేకు! బోల్టు తుప్పుపట్టి వదులైంది. చల్లగా ఉంటే కొట్టుకుంటుంది, వేడికి సాగి బిగుసుకుంటుంది.

ఎంత ఓపిక, ఎంత చెవి!
కంభం, మార్కాపురం షెడ్లలోనూ ఇలాంటివాళ్లున్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకునే పిల్లలే కనబడటం లేదు, అదీ నా బెంగ.

మీ ఊళ్లో ఇట్లా చప్పుడు విని జబ్బు చెప్పే మేస్త్రి ఉన్నాడా? చెప్పండి.