మబ్బుకీ ఓ హద్దుంది!

వాన, ఉరుము, పచ్చిక, పిట్ట, మనిషి... అన్నీ నేల నుంచి పదిహేడు కిలోమీటర్ల లోపే! ఆ పైనా ఆకాశం ఉంటుంది కానీ వాన ఉండదు. ఎందుకలా? ఆ హద్దుమీద ఓ కన్నేసి ఉంచిన ఊరు మన తిరుపతి-చిత్తూరు దారిలోనే ఉంది. దాని పేరు గాదంకి.

ఎండాకాలంలో తిరుపతిలో బస్సు దిగితే మాడు పగిలిపోతుంది. ఘాట్‌రోడ్డెక్కి తిరుమల చేరేసరికి అదే గాలి చల్లగా తగులుతుంది. రెండూళ్లకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. కొండెక్కితే సూర్యుడికి దగ్గరైనట్టే కదా, మరి వేడి పెరగాలి కానీ తగ్గుతుందేం? పిల్లలు అడిగే ఈ చిన్న ప్రశ్నలోనే వాతావరణం గుట్టంతా దాగుంది. ఆ గుట్టు విప్పే పనిలో ఉంది గాదంకి.

పాకాల మండలంలోని ఈ ఊరి చుట్టూ కొండలే. ఈ ఊరికి అంతర్జాతీయంగా పేరు రావడానికీ ఒకరకంగా ఆ కొండలే కారణం. బయటి రేడియో రొద లోపలికి రాకుండా అవి ప్రహరీగోడల్లా నిలబడ్డాయి. నేల నుంచి ఆకాశాన్ని 'వినడానికి' అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది!

యాంటెన్నాల తోట

ఒకప్పుడు దూరదర్శన్ కోసం డాబాల మీద కట్టిన యాంటెన్నాలు గుర్తున్నాయా? చూడ్డానికి దాదాపు అలాంటివే... ఒకటీ రెండూ కాదు, 1,024! వరసకి 32 చొప్పున 32 వరసల్లో నాటిన తోటలా కనిపిస్తాయి. ఇదే ఎం.ఎస్.టి. రాడార్. వాతావరణంలోని మూడు అంతస్తులు- మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాల పేర్లలోని తొలి ఇంగ్లిషు అక్షరాలే దాని పేరయ్యాయి. 1992లో మొదలైన ఈ కేంద్రం 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది.

యాంటెన్నాలన్నీ కలిసి ఒక్కసారిగా ఆకాశంలోకి రేడియో తరంగాలను పంపుతాయి. పైనున్న గాలి సుడులకి తగిలి వాటిలో అతి కొద్ది భాగం వెనక్కి వస్తుంది. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత ఒకలా, దాటిపోయాక మరోలా వినిపిస్తుంది చూడండి... ఆ సూత్రంతోనే ఏ ఎత్తున గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో లెక్కకడతారు. మబ్బుతునక లేని రోజున కూడా ఈ రాడార్ పనిచేస్తుంది. దీనికి తోడు పరికరాలు కట్టిన బెలూన్లనీ ఇక్కణ్నుంచి ఎగరేస్తుంటారు.

కింద పొయ్యి... పైన మూత

ఇంతకీ కొండమీద చలి ఎందుకు? ఎండ గాలిని నేరుగా వేడిచేసేది తక్కువ. ముందు నేల వేడెక్కుతుంది, ఆ నేల గాలిని వేడిచేస్తుంది. అంటే గాలికి పొయ్యి సూర్యుడు కాదు, మన కాళ్ల కిందున్న నేలే! పొయ్యికి దూరంగా వెళ్లేకొద్దీ వేడి తగ్గుతుంది. పైగా పైకెళ్లిన గాలి వ్యాకోచించి మరింత చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీల చొప్పున!

కింద మంట ఉంటే ఎసరు తెర్లుతుంది కదా... గాలీ అంతే. వేడిగాలి లేస్తుంది, చల్లగాలి దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లలోనే మబ్బు పుడుతుంది, వాన కురుస్తుంది, తుపాను సుడి తిరుగుతుంది. ఇదంతా జరిగేది అట్టడుగునున్న ట్రోపో ఆవరణంలో. మొత్తం గాలి బరువులో నాలుగింట మూడొంతులకి పైగా, నీటిఆవిరిలో దాదాపు అంతా ఇక్కడే ఉంది.

ధ్రువాల దగ్గర ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకే ముగిసిపోయే ఈ పొర గాదంకి మీద సుమారు పదిహేడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ చలి మైనస్ 80 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ తర్వాతే అసలు చిత్రం... ఇంకా పైకెళితే చలి తగ్గుతుంది! అక్కడి ఓజోన్ సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని వేడెక్కుతుంది మరి. చుట్టూ ఉన్న గాలికంటే వెచ్చగా ఉన్నంతసేపే ఏ గాలైనా పైకి లేస్తుంది. పైనే వెచ్చగా ఉంటే ఇక లేచేదెలా? గిన్నెమీద మూత పెట్టినట్టు మబ్బు ఆగిపోతుంది. 1902లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త టెస్సరాంక్ ద బోర్ట్, వందలకొద్దీ బెలూన్లు ఎగరేసి మరీ ఈ సంగతి తేల్చాడు.

ఆ మూతే లేకపోతే...

ఆ చలిమూత మనకి చేస్తున్న మేలు ఇంతా అంతా కాదు. పైకొచ్చిన ఆవిరి అక్కడ మంచుగా గడ్డకట్టి కిందికే వచ్చేస్తుంది. అదే అడ్డు లేకుండా ఇంకా పైకెళ్లిపోతే, సూర్యకిరణాలు ఆ నీటిని విడగొట్టేస్తాయి. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతుంది. కోట్ల ఏళ్లలో సముద్రాలే ఖాళీ అయిపోయేవి!

మూత దాటి వెళ్లినవాటి సంగతీ చూద్దాం. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గంధకపు వాయువులు స్ట్రాటో ఆవరణంలోకి చేరాయి. కిందే ఉంటే వాన వాటిని కడిగేసేది. అక్కడ వాన లేదుగా! వాటివల్ల ఏర్పడిన సన్నటి తెర రెండేళ్లదాకా తొలగలేదు, ఆ కాలంలో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ పడిపోయింది.

మరి ఆ పైన ప్రాణం లేదా? 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఇస్రో ఎగరేసిన పెద్ద బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చింది. అందులో మూడు కొత్త రకాల బ్యాక్టీరియా దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు కూడా. తర్వాతి ఏళ్లలో ఆ ఆర్యభట్ట బ్యాక్టీరియా మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గరా కనిపించింది. పైన అది ఉండొచ్చు... కానీ మొక్కకి తోడుగా బతుకుతున్నది మాత్రం కిందే!

మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2014లో మన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కి చరిత్ర సృష్టించింది. శిఖరం మీద గాలి మూడోవంతే. అయినా ఆ ఎత్తు మన నెత్తిమీది మూతకి సగం దూరమే!

భూమిని మామిడిపండంత చేసి చూస్తే ఈ పొర దాని తొక్క కంటే పలుచన. మన పొగలన్నీ ఆ కాస్త జాగాలోకే పోతున్నాయి. వేడెక్కిన గాలి వ్యాకోచించడంతో ఆ మూత కూడా కదులుతోంది. ఉత్తరార్ధగోళంలో 1980 నుంచి పదేళ్లకి 50-60 మీటర్ల చొప్పున అది పైకి జరుగుతోందని 2021లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఎక్కడో పదిహేడు కిలోమీటర్ల ఎత్తునున్న గీతని మన వంటిళ్లూ వాహనాలూ కర్మాగారాలూ కలిసి జరుపుతున్నాయంటే... ఎవరి కళ్లూ చేరని ఆ చోటుని రాత్రింబవళ్లు కొలవాల్సిన అవసరం ఏమిటో అర్థమవుతుంది.

గాదంకి కేంద్రాన్ని చూడాలంటే అనుమతి కావాలి. మూతని చూడ్డానికి మాత్రం అక్కర్లేదు! ఈసారి వానాకాలం సాయంత్రం ఆ దారిన వెళ్తే దూరంగా లేచిన పెద్ద ఉరుముల మబ్బుని గమనించండి. నిటారుగా పెరిగి పెరిగి, ఒకచోట ఠక్కున ఆగి, కమ్మరి దాగలిలా పక్కలకి పరుచుకుంటుంది. ఆ చదునైన అంచే మన లోకానికి పైకప్పు.