ఉప్మా, పెసరట్టు, 240 వాట్లు

మా ఇంట్లో రెండు తాబేళ్ళున్నాయి. ఈ మాట చెప్పగానే దేశీ మిత్రులు రెండు రకాలుగా మొహం పెడతారు. ఒకటి, "పాపం, వీడికి ఉద్యోగం బాగానే ఉందిగా?" అన్నట్టు. రెండోది, "అక్వేరియం ఎక్కడ పెట్టావు?" అన్నట్టు. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికుంది. ఇవి నీళ్ళల్లో బతికేవి కావండీ, నేలమీద తిరిగేవి. ఇంగ్లీషువాడు ఒకదాన్ని టర్టిల్ అనీ ఇంకోదాన్ని టార్టాయిస్ అనీ విడదీసి పెట్టుకున్నాడు. మనకి అన్నీ తాబేళ్ళే. ఆ ఒక్క పదంతో మా ఇంట్లో ఏం జరిగిందో కాస్త ఆగి చెప్తాను.

ఉండేది మినియాపొలిస్ దగ్గర. జనవరిలో బయట సున్నాకి కింద ఇరవై ఫారెన్‌హీట్ అన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి ఊళ్ళో మా ఆఫీసులో ఒకాయన పదేళ్ళుగా రెండు ఎర్రకాళ్ళ తాబేళ్ళని పెంచుకుంటున్నాడు. దక్షిణ అమెరికావి, అక్కడి గడ్డిమైదానాల్లోనూ అడవి అంచుల్లోనూ తిరిగేవి. నల్లటి డొప్ప, కాళ్ళమీద ఎర్రటి పొలుసులు, ఎవరో కుంకం బొట్లు పెట్టినట్టు. ఆయన వేరే రాష్ట్రానికి మారిపోతూ "ఎవరైనా తీసుకుంటారా?" అనడిగాడు. మా పాప నాకంటే ముందు చెయ్యెత్తింది. (ఆ రోజు దాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళడం నా తప్పే.) ఇంటికొచ్చేలోపు పేర్లు కూడా పెట్టేసింది, ఉప్మా, పెసరట్టు అని. విడదీయకూడని జంట అంటే దానికి తెలిసింది అదొక్కటే మరి.

అమ్మకి ఫోన్లో చెప్తే గయ్యిమంది. మా మదనపల్లె వైపు తాబేలు ఇల్లు చొరబడితే ఆ ఇల్లు బాగుపడదంటారు. తమిళవాళ్ళలో గట్టిగా ఉన్న నమ్మకం, సరిహద్దు దాటి మాకూ అంటుకున్నట్టుంది. "గాజు తాబేలు బొమ్మ హాల్లో పెట్టినావు గదరా, అది చాల్దా?" అంది. బొమ్మ తాబేలు అదృష్టం, నిజం తాబేలు దరిద్రం! ఈ లాజిక్కుకి టెస్ట్ కేసులు రాయడం నావల్ల కాదని ఊరుకున్నాను. నాయన మాత్రం ఏమీ అనలేదు. "మెట్టదా, నీళ్ళదా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఫోను అమ్మకిచ్చేశాడు.

సరే, అసలు విషయానికొస్తే.. ఈ జాతి చలికాలంలో నిద్రపోదు. మధ్య ఆసియా తాబేళ్ళలాగా మట్టిలో దూరి నాలుగు నెలలు గుర్రుపెట్టే యోగం వీటికి లేదు. ఏడాదంతా 80 డిగ్రీల పైచిలుకు వెచ్చదనం (మన లెక్కలో 27, 28 అనుకోండి), గాలిలో 70, 80 శాతం తేమ కావాలి. ఒక్కముక్కలో చెప్పాలంటే బందరులో ఆగస్టు నెల. మా బేస్మెంటేమో 60 దాటదు, పైగా ఫర్నేస్ తిరుగుతుంటే గాలి అప్పడంలా ఎండిపోతుంది. తేమ తక్కువైతే పెరిగే తాబేలు డొప్పమీద గడులు గోపురాల్లా పైకి లేస్తాయి. చాలాకాలం ఇది తిండిలో ప్రోటీన్ ఎక్కువవడంవల్ల అనుకునేవాళ్ళు. 2003లో ఆస్ట్రియా పరిశోధకులు ఆఫ్రికా సల్కాటా పిల్లలమీద ప్రయోగం చేసి, ప్రోటీన్‌కంటే తేమ పాత్రే చాలా ఎక్కువని చూపించారు. పెసరట్టు వీపుమీద అలాంటి చిన్న గోపురాలు రెండు వరసలున్నాయి. పాత యజమాని తెరిచిన బల్లమీద, పైన దీపం వేలాడదీసి పెంచాడు మరి. ఆయన్ని తప్పుపట్టను. నేనైనా మొదట అదే చేసేవాణ్ణి.

పై కప్పు లేని బల్లకి ఎన్ని దీపాలు పెట్టినా మనం వేడి చేసేది బేస్మెంటుని. కాబట్టి మూసిన పెట్టె కట్టాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఈ కొలతలకి శాస్త్రమేమీ లేదు, ప్లైవుడ్ షీటు వచ్చేదే ఎనిమిది బై నాలుగు. తక్కువ కోతలంటే తక్కువ తప్పులు.

లెక్క కూడా చిన్నదే. ఆరు పక్కలూ కలిపి 112 చదరపు అడుగులు. లోపల 82, బయట 60, తేడా 22 డిగ్రీలు. ఉట్టి అరంగుళం ప్లైవుడ్ అయితే, రెండువైపులా అంటుకునుండే గాలిపొరతో సహా దాని నిరోధం, అంటే ఆర్ విలువ, ఒకటిన్నర. వైశాల్యాన్ని ఉష్ణోగ్రత తేడాతో హెచ్చవేసి దీంతో భాగిస్తే గంటకి 1,640 బీటీయూలు, అంటే సుమారు 480 వాట్లు. రాత్రింబవళ్ళు! నెలకి 346 యూనిట్లు. అదే గోడల్లో రెండంగుళాల ఫోమ్ బోర్డు పెడితే, అంగుళానికి ఐదు చొప్పున పది. కిటికీలకీ సందులకీ కొంత పోయినా ఎనిమిది ఉంటుంది. అప్పుడు 90 వాట్లు చాలు. యూనిట్ పదిహేను సెంట్లు వేసుకుంటే నెలకి యాభై రెండు డాలర్లెక్కడ, పది డాలర్లెక్కడ! మా ఆవిడ ఈ కాగితం చూశాకే రంపం కొనడానికి ఒప్పుకుంది.

కట్టడం మూడు వారాంతాలు పట్టింది. అందులో ఒక వారాంతం మొత్తం గులాబీ రంగు పుణ్యం. నేను కొన్న ఫోమ్ బోర్డు గులాబీ రంగుది. ఎర్రకాళ్ళ తాబేళ్ళు ఎరుపు, గులాబీ ఏది కనపడినా పండనుకుని కొరుకుతాయి. మొదటి డిజైన్లో ఫోమ్ లోపలివైపు, దానిమీద పల్చటి ప్లాస్టిక్ షీటు. సైజు సరిపోయిందో లేదో చూద్దామని ఉప్మాని ఓ పది నిమిషాలు లోపల వదిలితే, షీటు కాస్త లేచిన మూల వెతుక్కుని మరీ పట్టుకుంది. నోట్లోంచి గులాబీ ముక్క లాగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ ఊడదీసి మళ్ళీ కట్టాను. బయట ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, లోపల మళ్ళీ ప్లైవుడ్, సాండ్‌విచ్‌లాగా. పట్టీ కనపడకుండా, అతుకు దొరక్కుండా. ఫోమ్‌ని తెరిచి వదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది అంటుకుంటే ఆపడం కష్టం. వేడి సామాన్లు పెట్టే పెట్టెలో అది అస్సలు పనికిరాదు.

లోపల కింద పాండ్ లైనర్, దానిమీద నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు. (మన కోనసీమ కొబ్బరి పీచు ఇటుకల్లా నొక్కి ఇక్కడి దుకాణాల్లో అమ్ముతారు, నీళ్ళు పోస్తే పొంగుతుంది. ఏ చెట్టుదో ఏ పెరడుదో అని చేతిలోకి తీసుకుని కాసేపు కూర్చున్నాను, నవ్వకండి.) ముందువైపు రెండు తలుపులకీ రెండు పొరల పాలికార్బనేట్ కిటికీలు. తలుపుల దిగువన ఎనిమిదంగుళాల దాకా చెక్కే, కిటికీ కాదు. ఎందుకంటే తాబేలుకి అద్దం అర్థం కాదు. అవతల కనపడుతోంది కాబట్టి వెళ్ళొచ్చనుకుని రోజంతా తల కొట్టుకుంటుంది. కిటికీలోంచి ఎండ వస్తే చాలుగా అంటారేమో, గాజూ ప్లాస్టిక్కూ డీ విటమిన్‌కి కావలసిన అతినీలలోహిత కిరణాల్ని ఆపేస్తాయి. అందుకని ఆ దీపం పెట్టె లోపలే ఉండాలి, అది కంటికి బాగానే వెలుగుతున్నా ఏడాదికోసారి మార్చాలి.

వేడికి బల్బు కాకుండా కప్పుకి బిగించే రేడియంట్ ప్యానెళ్ళు కొన్నాను. బల్బు ఒక్కచోట పొడిచినట్టు కాలుస్తుంది, కింద కూర్చున్న తాబేలు డొప్ప పైభాగం మాడిపోయినా దానికి వెంటనే తెలియదు. ప్యానెల్ అలా కాదు, వెడల్పుగా మెల్లగా ఇస్తుంది. 120 వాట్లవి రెండు కొన్నాను. లెక్క ప్రకారం 90 చాలు కదా, 240 ఎందుకు? ఎందుకంటే నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. సర్వర్ ఎంత కావాలంటే దానికి రెండింతలకి పైనే అడగడం అలవాటు. ఎందుకైనా మంచిదని.

నెలరోజులు బ్రహ్మాండంగా నడిచింది. మీటరు పెట్టి చూస్తే దీపాలన్నీ కలిపి సగటున 110 వాట్లు. ఒకరోజు కరెంటు పోతే ఆరు గంటల్లో 82 నించి 75కి దిగిందంతే. తడి కొబ్బరి పొట్టే వేడిని పట్టుకుని కూర్చుంది. ఆ వారం ఆఫీసులో కనపడ్డ ప్రతివాడికీ ఇది చెప్పి విసిగించాను.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ప్రొడక్షన్లో ఏదో పడిపోయిందని ఫోనొస్తే లేచాను. ల్యాప్‌టాప్ బేస్మెంటులో ఉంది. దిగగానే కిటికీలమీద మామూలు కంటే దట్టంగా ఆవిరి. థర్మామీటరు 96 చూపిస్తోంది. తలుపు తీస్తే మొహమ్మీద కొట్టినట్టు వేడి. ఉప్మా ఒక మూల, పెసరట్టు నీళ్ళ పళ్ళెంలో నోరు తెరుచుకుని ఉన్నాయి. ముందురోజు శుభ్రం చేస్తూ థర్మోస్టాట్ సెన్సర్ తీగ బయటికి లాగి, తిరిగి లోపల పెట్టడం మర్చిపోయాను. అది పెట్టె వెనక వేలాడుతూ బేస్మెంటు చలిని, 60 డిగ్రీలని కొలుస్తోంది. పాపం దానికి తెలిసిన పని అది నమ్మకంగా చేసింది. రాత్రంతా రెండు ప్యానెళ్ళూ ఆపకుండా కాల్చింది.

వాటిని బయటికి తీసి, గోరువెచ్చటి నీళ్ళల్లో పెట్టి, ఆఫీసు ఫోనుకి "ఐదు నిమిషాలు" అని చెప్పి, కాగితం తీసుకున్నాను. 110 వాట్లకి 22 డిగ్రీలు పెరుగుతోందంటే 240కి 48. అరవైకి కలిపితే 108. అంటే నలభై రెండు సెంటీగ్రేడు. ఇంకాసేపు ఫోను రాకపోయి ఉంటే అక్కడికే చేరేది. నేను అంత శ్రద్ధగా సందులు పూడ్చి, సిలికాన్ పూసి కట్టిన పెట్టె నా తప్పుని కూడా అంతే శ్రద్ధగా లోపల దాచిపెట్టింది. పాత యజమాని తెరిచిన బల్లమీద ఇదే తప్పు చేస్తే ఏమీ అయ్యేది కాదు.

ఇప్పుడు థర్మోస్టాట్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. రెండోది 88 దాటితే మొదటిదేమన్నా వినకుండా కరెంటు కోసేస్తుంది. సెన్సర్లని గోడకి స్క్రూతో బిగించాను, శుభ్రం చేసేటప్పుడు కూడా ఊడిరావు. అన్నిటికంటే ముఖ్యంగా ఒక 120 ప్యానెల్ తీసేసి 40ది పెట్టాను. మొత్తం 160. రెండు థర్మోస్టాట్లూ ఒకేసారి పిచ్చెక్కినా 92 దాటదు. బాధపడతాయి గానీ చావవు. ఇది మొదటే ఎందుకు తట్టలేదంటే, ఎంత చలి వస్తుందో అని భయపడ్డాను గానీ నేనే ప్రమాదమని అనుకోలేదు.

ఆ పొద్దున ఎందుకంత కంగారుపడ్డానో మా ఆవిడకి కూడా అర్థం కాలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అవ్వోళ్ళ ఊళ్ళో మామ చేనుగట్టు మీద దొరికిందని ఒక నక్షత్ర తాబేలుని తెచ్చాడు. డొప్పమీద పసుప్పచ్చ గీతల చుక్కలు, ముగ్గేసినట్టు. ఇప్పుడైతే దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని తెలుసు. విదేశాలకి దొంగరవాణా ఎక్కువై 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. అప్పుడు మాకదేం తెలుసు? మాకు తెలిసిన తాబేలు బావిలో ఉండేది. ఎండకి దానికి దాహమేస్తుందని, సుఖంగా ఉంటుందని, నేనే రెండు చేతులతో ఎత్తి పశువుల తొట్టిలో వదిలాను. మూడడుగుల లోతు, నున్నటి సిమెంటు గోడలు. అది కాళ్ళు కొట్టుకుంటుంటే ఈత కొడుతోందని చప్పట్లు కొట్టాను. పొద్దున నాయన తీసి, నాకు కనపడకుండా గోనెసంచిలో చుట్టి తీసుకెళ్ళాడు. మెట్ట తాబేలుకి ఈత రాదని ఆయన ఆ రోజే నాకు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. పెద్దయ్యాక నేనే చదువుకున్నాను.

మొన్న వేసవిలో అమ్మా నాయనా వచ్చారు. అమ్మ మొదటివారం బేస్మెంటు మెట్లు దిగలేదు. తర్వాత బొప్పాయి ముక్క పెడితే పెసరట్టు పరిగెత్తుకొస్తుందని పాప చెప్పింది కాబోలు, రోజూ ముక్కలు కోసి పంపడం మొదలుపెట్టింది. గోంగూర కూడా ఇవ్వబోయింది గానీ, అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది, కాల్షియాన్ని అందనివ్వదని ఆపాను. "గోంగూర తినని జన్మ ఏం జన్మరా" అని జాలిపడింది.

నాయన వచ్చిన రోజే దిగాడు. పెట్టె చుట్టూ తిరిగి, చెక్క తట్టి చూసి, తలుపు తీయమన్నాడు. వంగి చాలాసేపు లోపలికి చూశాడు. థర్మోస్టాట్ల సంగతి, వాట్ల లెక్క, ఫిబ్రవరి గొడవ అన్నీ చెప్తూ పోయాను. విన్నాడో లేదో తెలీదు.

"నీళ్ళ పళ్ళెం లోతెంత?" అన్నాడు.

"అంగుళంన్నర, నాయనా. అంచు కూడా వాలుగా ఉంటుంది."

చెయ్యి లోపలపెట్టి, వేలు నీళ్ళల్లో అడుగు తగిలేదాకా ముంచి చూసుకుని, తలుపు మెల్లగా వేశాడు.