బ్రేకుల ఖర్చు: మిల్లీమీటర్ల లెక్క

డిస్కు బ్రేకు ఉన్న వాహనంలో అరగడానికే తయారుచేసిన భాగాలు రెండు. చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం ఒకటి. దీన్ని వాడుకలో డిస్కు అనీ, సాంకేతిక గ్రంథాల్లో రోటర్ అనీ అంటారు. ఆ పళ్ళేన్ని రెండు వైపుల నుంచి అదిమి పట్టే ప్యాడ్ల జత రెండోది; ఉక్కు రేకు మీద ఘర్షణ పదార్థాన్ని అతికించి ప్యాడును తయారుచేస్తారు. పెడల్ తొక్కగానే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి, క్యాలిపర్ అనే పట్టకారులాంటి భాగంలోని పిస్టన్ ముందుకు జరిగి ప్యాడ్లను డిస్కుకు నొక్కుతుంది. బండి వేగం వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఈ అమరికలో ప్యాడు చవక, డిస్కు ఖరీదు. చవకైనది ముందుగా అరిగిపోయి ఖరీదైనదాన్ని కాపాడాలన్న పొదుపు సూత్రం రూపకల్పనలోనే ఉంది. యజమాని బద్ధకం ఆ క్రమాన్ని తలకిందులు చేసినప్పుడే బిల్లు భారమవుతుంది. ఈ వ్యాసకర్త ఒకసారి అలా తలకిందులు చేసి, మరోసారి దిద్దుకున్నందువల్ల, ఆ రెండు బిల్లులనూ పక్కపక్కన పెట్టి పరిశీలించే ప్రయత్నం ఇక్కడ జరుగుతోంది.

ప్యాడు ఎన్నాళ్ళు వస్తుందన్న ప్రశ్నకు కిలోమీటర్లలో చెప్పే జవాబు ఎప్పుడూ సగం జవాబే, ఎందుకంటే అరుగుదల ముఖ్యంగా బండి తిరిగిన దూరాన్ని బట్టి కాక, బ్రేకు మింగిన శక్తిని బట్టి ఉంటుంది. మనుషులతో కలిపి 1,300 కిలోలున్న చిన్న కారును గంటకు 72 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 2,60,000 జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. అదే కారు 36 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఆ శక్తి నాలుగో వంతుకు, అంటే 65,000 జౌళ్ళకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు లెక్క ఇంకా ఘాటైనది. తిరుమల నుంచి తిరుపతికి దిగే కారు దాదాపు 700 మీటర్ల ఎత్తు కోల్పోతుంది కనుక, అందులో విడుదలయ్యే శక్తి 89 లక్షల జౌళ్ళ దాకా ఉంటుంది. అంటే 72 కిలోమీటర్ల వేగం నుంచి 34 సార్లు ఆగినంత. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే ఇందులో చాలా భాగాన్ని ఇంజన్ భరిస్తుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపేవారు ఆ మొత్తాన్ని ప్యాడ్ల నెత్తిన వేసి, మిగిలిందనుకున్న డబ్బును మెకానిక్ చేతిలో పెడతారు. అంతకన్నా పెద్ద ప్రమాదం, వేడెక్కిన బ్రేకు మలుపు దగ్గర పట్టు తప్పడం.

అరుగుదలను కనిపెట్టేందుకు చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు నాలుక అమర్చి ఉంటుంది. ఘర్షణ పదార్థం రెండు మూడు మిల్లీమీటర్లకు తగ్గగానే అది డిస్కుకు తగిలి సన్నగా కీచుమంటుంది. వ్యాసకర్త కారు మొదటిసారి అలా కీచుమన్నప్పుడు ఇంటి అప్పు వాయిదా, పిల్లల ఫీజు ఒకే నెలలో పడ్డాయి; బ్రేకు పడుతూనే ఉంది కదా, జీతం వచ్చాక చూద్దామన్న నిర్ణయం రెండు నెలలు సాగింది. ఆ తర్వాత కీచుదనం పోయి గరగరమనే చప్పుడు మొదలైంది. ఘర్షణ పదార్థం పూర్తిగా అయిపోయి, ప్యాడు వెనుక రేకు నేరుగా డిస్కును కోస్తున్నదన్నమాట. కారును అధీకృత సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళేసరికి డిస్కు మీద గోరు దిగబడేంత లోతు గాడులు పడి ఉన్నాయి. బిల్లు మొత్తం 8,700 రూపాయలు: ప్యాడ్లకు 1,850, రెండు డిస్కులకు 4,700, లేబరుకు 1,400, బ్రేకుల శుభ్రత అనే పేరుతో 750.

ఆ చివరి 750 రూపాయలు జాబ్ కార్డులో ఎవరు రాశారో, ఎవరు అంగీకరించారో బిల్లు చేతికొచ్చాక గానీ ప్రశ్న రాలేదు. జాబ్ కార్డు అంటే బండిని అప్పగించేటప్పుడు చేయబోయే పనులన్నీ రాసి యజమాని చేత సంతకం పెట్టించుకునే కాగితం; ఆ సంతకం చదవకుండానే పెట్టడం మన దేశంలో దాదాపు ఆచారం. ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ను తుడిచి, పిన్నులకు గ్రీజు రాయడం ఆ పనిలో భాగమే తప్ప వేరే పని కాదు. దానికి విడిగా డబ్బు కట్టడం భోజనానికి డబ్బిచ్చి విస్తరికి మళ్ళీ ఇవ్వడం లాంటిది.

రెండో విడతకు వ్యాసకర్త కొన్న మొదటి వస్తువు వెర్నియర్ కాలిపర్స్ అనే కొలత పరికరం. డిస్కు ఏ మందం దాకా అరగవచ్చో ఆ కనిష్ఠ కొలతను తయారీదారు డిస్కు మీదనే ముద్రిస్తాడు. తుప్పు కింద దాగి ఉన్నా గుడ్డతో తుడిస్తే కనబడుతుంది. ఈ కారు డిస్కు మీద 18 మిల్లీమీటర్లు అని ఉంది. అయితే వెర్నియర్‌ను నేరుగా అంచు మీద పెడితే కొలత తప్పుతుంది, ఎందుకంటే ప్యాడు తగలని చిట్టచివరి అంచు అరగక గట్టులా నిలిచి ఉంటుంది, పరికరం దవడలు ఆ గట్టు మీద ఆగిపోతాయి. దీనికి విరుగుడుగా అరిగిన భాగం మీద ఇరువైపులా ఒక్కో రూపాయి నాణెం ఆనించి, నాణేలతో కలిపి కొలిచి, రెండు నాణేల మందాన్ని తీసివేస్తే చాలు. అలా తేలిన మందం 19.2 మిల్లీమీటర్లు; గాడులు లేవు, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ వణకడం లేదు. డిస్కులు మార్చాల్సిన పని లేదని తేలడానికి పట్టిన సమయం పావుగంట.

స్వల్పంగా గీతలు పడిన డిస్కును లేతు మీద సానపట్టి వాడుకోవచ్చన్న సలహా తరచుగా వినబడుతుంది. సాన పట్టాక మిగిలే మందం కనిష్ఠ కొలతకు పైన ఉంటేనే అది పనికొచ్చే సలహా. పలచబడిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది. చిన్న కార్లకు కొత్త డిస్కు ధర మరీ ఎక్కువ కాదు కాబట్టి, అంచుకు చేరిన డిస్కును సాన పట్టించడం కన్నా మార్చడమే మేలని వ్యాసకర్త అభిప్రాయం. మార్చేటప్పుడు ప్యాడ్లనైనా డిస్కులనైనా ఎడమ, కుడి చక్రాలకు కలిపే మార్చాలి; ఒక్క వైపే కొత్తవైతే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగవచ్చు. వెనుక చక్రాలకు చాలా చిన్న కార్లలో డ్రమ్ము బ్రేకులే ఉంటాయి, వాటి షూలు నిదానంగా అరుగుతాయి.

ఇక కొనుగోలు. హైదరాబాదు వాసులకు రాణిగంజ్, విజయవాడ వారికి జవహర్ ఆటోనగర్ ఉండగా, షోరూమ్ ధరే ధర అనుకోనవసరం లేదు. కారు కంపెనీ పెట్టెలో వచ్చే సరుకుతోపాటు, బ్రేకు భాగాల తయారీలోనే పేరున్న బాష్, టీవీఎస్ గిర్లింగ్, బ్రెంబో వంటి కంపెనీల పెట్టెలూ అక్కడ దొరుకుతాయి. వీటికీ, రెండు మూడు వందలకే అమ్మే పేరులేని ప్యాడ్లకూ ఉన్న తేడాను కొన్ని ప్యాడ్ల వెనుక ముద్రించే రెండు ఇంగ్లీషు అక్షరాలు కొంత చెబుతాయి: మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకాన్ని, రెండోది బాగా వేడెక్కాక ఉండే గుణకాన్ని సూచిస్తాయి. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, ఈ అంటే 0.25 నుంచి 0.35 వరకు. ఎఫ్ఎఫ్ అని ఉన్న ప్యాడు వేడిలోనూ పట్టు వదలదు. ఎఫ్ఈ అని ఉంటే ఘాట్ రోడ్డులో కాస్త మెత్తబడుతుందని గ్రహించాలి. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్న దుకాణదారు మాటకు లొంగడం తగదు, ఎందుకంటే నకిలీ సరుకు అని తేలితే వాపసుకు ఆధారం ఆ కాగితమే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీ ఏకరీతిగా 18 శాతమైంది. అంతకుముందు 28 శాతం కట్టిన భాగాలకు బిల్లు మీద పాత భయం ఉండనక్కరలేదు.

వ్యాసకర్త రాణిగంజ్‌లో ప్యాడ్ల పెట్టెను 1,250 రూపాయలకు కొని, పేట మెకానిక్ చేత 400 రూపాయలకు బిగించుకున్నాడు. సిలికాన్ గ్రీజు పొట్లానికి మరో 90. సొంతంగా బిగించుకోవాలన్న ఆలోచన రాకపోలేదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో శనివారం ఉదయం ఇంటి ముంగిట ఈ పని చేసుకునేవారు ఎందరో. అక్కడ గ్యారేజీలో గంట శ్రమకు నూరు డాలర్లు దాటడం మామూలు, కొన్ని విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తాయి కూడా. ఇక్కడ లెక్క వేరు. మంచి జాకీ, బండి బరువు మోసే స్టాండు, సరైన బిగువు చూపే పానా కొంటే అయ్యే ఖర్చుతో ఆ మెకానిక్ చేత అనేకసార్లు పని చేయించుకోవచ్చు. అందువల్ల ఇక్కడ ఆదా అంతా వస్తువును తానే కొనడంలోనూ, పని జరుగుతున్నంతసేపూ పక్కన నిలబడడంలోనూ ఉంది.

నిలబడి చూడాల్సినవి నాలుగైదే. విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు బానెట్ కింది డబ్బాలో ఆయిల్ పైకి పొంగుతుంది, అది రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. క్యాలిపర్ జారే పిన్నులకు మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది. ప్యాడు ముఖానికి నూనె చేయి తగలకూడదు. పాత దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకూడదు. పాత రకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, పేరులేని సరుకులో ఏముందో పెట్టె చెప్పదు. అన్నీ బిగించాక బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి, లేకపోతే మొదటి బ్రేకుకే పెడల్ నేలకు దిగిపోతుంది.

పొదుపు పనికిరాని చోటు ఒకటుంది, అది బ్రేకు ఆయిల్. గాలిలోని తేమను అది మెల్లగా పీల్చుకుంటుంది; కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం కాగా, తేమ పట్టిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు చేరితే పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. రెండేళ్ళకోసారి దీన్ని మార్చడం, గొట్టాల్లో గాలి తీయించడం పేరున్న గ్యారేజీలోనే జరగాలని వ్యాసకర్త పట్టుబడతాడు.

రెండో బిల్లు మొత్తం 1,740 రూపాయలు. మొదటిదానితో తేడా 6,960. ఈ తేడాలో 4,700 ఆలస్యం చేసినందుకు, 750 జాబ్ కార్డు చదవనందుకు కట్టిన మూల్యం. షోరూమ్‌కూ బజారుకూ మధ్య ధరల వ్యత్యాసం, గ్రీజు ఖర్చు పోగా, 1,510 మాత్రమే. బజారు తిరిగి బేరమాడిన గొప్పను చాలామంది చెప్పుకుంటారు గానీ, ఇక్కడ అసలు డబ్బు మిగిలింది వెర్నియర్ దగ్గర.

ప్యాడ్లు బిగించినప్పుడు ఘర్షణ పదార్థం 10 మిల్లీమీటర్లు, మీటరు రీడింగ్ 48,200. 60,200 దగ్గర చూస్తే 7 మిల్లీమీటర్లు ఉంది, అంటే నగరపు రద్దీలో మిల్లీమీటరుకు 4,000 కిలోమీటర్లు. 3 మిల్లీమీటర్ల దగ్గర మార్చాలనుకుంటే ఇంకా 16,000 కిలోమీటర్లు, నెలకు 800 చొప్పున 20 నెలలు. అదే 1,740 రూపాయలను ఆ నెలలకు పంచి, నెలకు 87 రూపాయలు పక్కన పెడితే సరిపోతుంది. డ్యాష్‌బోర్డు అరలోని సర్వీసు పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రెండే అంకెలు రాసి ఉన్నాయి: 60,200, పక్కన 7.